మా ఆయన జబ్బు, నా మోకాళ్ళు

నా మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఈ మాట మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నా వంక జాలిగా చూసి, "ఓర్చుకుంటన్నావులే తల్లా" అంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల ముందు నిలబడి సైన్సు పాఠాలు చెప్పిన కాళ్ళివి. రిటైరయ్యాక కూడా పొద్దున్నే సాగరు కాలవ కట్ట మీద నడవందే వాటికి తోచదు. అయినా సరే, ఈపూరు దగ్గరున్న మా ఊళ్ళో నేనొక వేసవంతా కుంటిదాన్ని. అసలు జబ్బు మా ఆయనది. అది మోకాళ్ళలో కాదు, వాటికి కాస్త పైన.

మా ఆయన ఊళ్ళో పెద్దమనిషి. పొలంలో పండేది మిరపా పత్తీ అయినా, ఆయన మనసు పెట్టి చేసే సేద్యం మాత్రం పంచాయితీలు. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, కాలవ నీళ్ళ వంతులు, అలిగి పుట్టింట్లో కూర్చున్న కోడళ్ళు, అన్నీ ఆయన ముందుకే వస్తాయి. అలాగని గొప్ప మాటకారి కాదు. ఆయన బలమంతా కూర్చోవడంలో ఉంది. రెండు వర్గాలూ అరిచి, అలిసి, ఆకలేసి, ఇంటికి పోతే చాలు దేవుడా అనుకుని రాజీకి వచ్చేదాకా కుర్చీలోంచి కదలడు. "కూకున్నాడంటే తెంచిగానీ లెగవడు" అని చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరు.

మా పెరటి గోడకు అవతలి ఇల్లు అవతలి పార్టీ పెద్దమనిషిది. ఊరి వరసన మా ఆయనకు బావ, నాకు అన్నయ్య. కిందటి పంచాయతీ ఎన్నికల నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకాయన కరెంటు తీగల వంక, ఇంకొకాయన తన చెప్పుల వంక చూసుకుంటూ పోతారు. ఆయన భార్యా నేనూ మాత్రం గోడ మీదుగా పెరుగు తోడు దగ్గర్నుంచి ఊరి కబుర్ల దాకా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. ఆ సంగతి మగవాళ్ళిద్దరికీ తెలుసు, తెలియనట్టు ఉంటారు.

అలాంటి మా ఆయన పంచాయితీ మధ్యలో లేవడం మొదలుపెట్టాడు. తగాదా పాకాన పడే సమయానికి జేబులోంచి ఫోను తీసి, చెవికి ఆనించుకుని, "హలో, ఆఁ చెప్పండి" అంటూ పశువుల కొట్టం వెనక్కి వెళ్ళేవాడు. కాసేపటికి తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చి కూర్చునేవాడు. ఊరు దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుంది. నరసరావుపేటలో పెద్దవాళ్ళు ప్రతి చిన్న విషయానికీ ఈయన సలహానే అడుగుతున్నారని చెప్పుకున్నారు. లేచిన కొద్దీ ఆయన పలుకుబడి పెరిగింది.

ఒకసారి మాత్రం దొరికిపోవాల్సింది. ఆయన "హలో, ఆఁ చెప్పండి" అంటూ నాలుగడుగులు వేశాడో లేదో, చెవి దగ్గరున్న ఆ ఫోనే గణగణా మోగింది. చేసింది నేనే, పప్పులో దోసకాయ వెయ్యాలా గోంగూర వెయ్యాలా అని. అంతమంది ముందూ తొణక్కుండా, "రెండు సిమ్ములు" అన్నాడట. ఒకేసారి ఇద్దరు పెద్దవాళ్ళు చేస్తున్నారని ఊరు ఇంకాస్త గౌరవం పెంచింది.

కొన్నాళ్ళకు గోడవతలి అన్నయ్యకు కూడా ఫోన్లు రావడం మొదలైంది. ఒక పార్టీకి వస్తే రెండో పార్టీ ఊరుకుంటుందా అనుకున్నాం అందరం. నేనూ అలాగే అనుకున్నాను.

ఊరికి తెలియకపోయినా, ఇంట్లో దాచడం ఎక్కడ కుదురుతుంది? రాత్రుళ్ళు ఆయన లేచినప్పుడల్లా నాకూ మెలకువ వస్తుంది. బాత్రూంలో లైటు వెలిగేది, చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు, తర్వాత కొళాయి తిప్పుకునేవాడు. ఆ నీళ్ళ చప్పుడు వింటేగానీ ఆయనకు మొదలయ్యేది కాదు. చదువుకున్న సైన్సు ఊరికే పోతుందా అని ఒకరోజు భోజనం దగ్గర వివరంగా చెప్పాను. మగవాళ్ళకు మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది, వయసు పైబడ్డాక అది పెరిగి దారిని నొక్కుతుంది, చాలామందికి వచ్చేదే, మందులున్నాయి అన్నాను.

"ఆ మాట వాకిట్లో అనబాకే" అన్నాడు.

"వాకిట్లో ఎందుకంటాను? డాక్టరు దగ్గర అంటాను, పదండి."

"అక్కర్లా. నాకు తెలిసిన మందు నాకుంది."

ఆ మందేమిటంటే నీళ్ళు తాగకపోవడం. తాగకపోతే పొయ్యాల్సిన పనే ఉండదు గదా అని ఆయన లెక్క. మిరపకోతల కాలం, కల్లంలో కాయ ఎండే ఎండలో మనిషి కూడా పొద్దస్తమానం గుక్కెడు నీళ్ళు లేకుండా ఎండాడు. ఫలితం అనుకున్నట్టే వచ్చింది. మంట, చలిజ్వరం. "సూదులు గుచ్చినట్టుందే" అని నడుం పట్టుకుని మంచం మీద కూర్చున్నప్పుడు నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది. ఆ తిట్లు తిన్నాక నరసరావుపేట వెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

మా ఆయన భయమంతా పరామర్శ గురించి. మా వైపు ఒకళ్ళు ఆస్పత్రికి వెళ్ళారంటే తిరిగొచ్చేసరికి ఊరంతా బత్తాయిలూ బ్రెడ్డు ప్యాకెట్లతో వాకిట్లో ఉంటుంది. వచ్చినవాళ్ళు ఊరికే పోరు. ఏం జబ్బు, ఎక్కడ, ఎట్టా మొదలయింది, చూపించండి అంటారు. చెప్పకపోతే పెద్ద జబ్బని అనుకుంటారు. చెబితే ఇక కుర్చీలో కూర్చోలేడని అవతలి పార్టీ ప్రచారం చేస్తుంది. అందుకని ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ముందే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ సంగతి నాకు బస్టాపులో తెలిసింది. మా ఎదురింటి పెద్దమ్మ నన్ను ఆపి, "మోకాళ్ళ నొప్పులంటగా తల్లా. నాకు చెప్పనన్నా చెప్పలా" అంది.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన బస్సు వచ్చే దారి వంక చూస్తున్నాడు. నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఇప్పుడు నోరు విప్పితే ఈయన బస్సెక్కడని తెలిసి, నెమ్మదిగా ఎడమ కాలు కుంటడం మొదలుపెట్టాను.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గర అమ్మాయి కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా, "పేషెంట్ ఎవరండీ?" అంది. సరిగ్గా మా వెనకే పక్కూరి మనిషి, మా ఆయన చేత పొలం పంపకం చేయించుకున్నవాడు, నమస్కారం పెడుతూ నిలబడి ఉన్నాడు. మా ఆయన నా వంక చూశాడు. కాపురం చేసినన్నాళ్ళలో ఆయన నన్ను బతిమాలిన సందర్భాలు తక్కువ. అది వాటిలో ఒకటి.

"నేనే" అన్నాను.

లోపల డాక్టరు చిన్నవయసు కుర్రాడే. చీటీ మీద నా పేరు చూసి ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారమ్మా అంటే నాలుగైదు సార్లన్నాను. ధార ఎలా ఉంటుందంటే సన్నగా, ఆగి ఆగి అన్నాను. మొదలవడానికి ఇబ్బందా అని అడిగాడు.

"చాలా ఇబ్బందండీ. కొళాయి తిప్పుకుని చాలాసేపు నిలబడాలి."

డాక్టరు రాస్తున్నది ఆపాడు. "నిలబడాలా?" అన్నాడు.

మా ఆయన పైనున్న ఫ్యాను వంక చూస్తున్నాడు. ఆయన కాళ్ళు రెండూ అప్పటికే బల్ల కింద ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. డాక్టరు లేచి, తలుపు దగ్గరగా వేసి, "మీరిలా వచ్చి కూర్చోండి బాబాయిగారూ" అన్నాడు. నేను కుర్చీ ఖాళీ చేశాను.

తెర అవతల జరిగిన పరీక్ష గురించి మా ఆయన ఇంతవరకు నోరు విప్పలేదు. డాక్టరు చేతికి తొడుగు వేసుకోవడం చూశాను. "గాలి గట్టిగా పీల్చుకోండి" అనడం విన్నాను. తర్వాత మా ఆయన గొంతు, "నేను చానా ఊళ్ళ పంచాయితీలు తీర్చినోణ్ణయ్యా" అని ఎవరికో మొరపెట్టుకుంటున్నట్టు వినిపించింది.

గ్రంథి పెరిగిందన్నాడు డాక్టరు. అది ఈ వయసులో మామూలే, ప్రమాదం లేదు, మందులతో దారి సులువవుతుందన్నాడు. "అయితే ఒక పక్కన కాస్త గట్టిగా తగిలింది. రక్తపరీక్ష కూడా చూడాలి." రక్తంలో అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువగా వచ్చింది. నీళ్ళు మానేసి తెచ్చుకున్న ఇన్ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుందని, ముందు దానికి మందులిచ్చి, కొన్ని వారాలాగి మళ్ళీ చేయించాడు. మంట తగ్గింది, జ్వరం తగ్గింది, ఆ అంకె మాత్రం తగ్గలేదు. గుంటూరు వెళ్ళి ముక్క తీయించుకుని రమ్మన్నాడు.

"కాన్సరు ఉందో లేదో తేల్చుకోవాలి" అన్నాడు. ఆ మాట మా ఇద్దరి మధ్యకు రావడం అదే మొదలు.

అంతకుముందు బస్సులో మా ఆయన ఎప్పుడూ తలుపు పక్క సీటే పట్టుకునేవాడు, ఆగిన చోటల్లా దిగడానికి వీలుగా. ఆ రోజూ అక్కడే కూర్చున్నాడు గానీ ఊరొచ్చేదాకా ఎక్కడా దిగుతాననలేదు. ఆయన అంత భయపడటం నేను చూసింది అదే మొదటిసారి.

గుంటూరులో స్కాన్ చూసుకుంటూ సూదితో ముక్కలు తీశారు. బయటికొచ్చాక మొహం కాస్త వాడినా మాట మాత్రం నిబ్బరంగానే ఉంది. "గోతంలోకి గొట్టం గుచ్చి గింజలు తీసి చూస్తారు చూడు, అట్టాంటిదేనే. ఒక్క చోట కాదు, అన్ని మూలల్నుంచీ తీశారు. బేరం గట్టిగానే చూస్తన్నారు" అన్నాడు. నవ్వాను. ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

రిపోర్టు వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. గుంటూరు దాకా వెళ్ళొచ్చామని తెలిసి పరామర్శ మొదలైంది, నాకు. నేను మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, నిజానికి పడుకోవాల్సిన మనిషి వచ్చినవాళ్ళందరికీ టీలు అందిస్తూ తిరిగాడు. లోపలికి పోయి, ముక్కలు తీసిన దగ్గర్నుంచి ఎర్రగా పడుతున్న మూత్రం పోసుకొచ్చి, మళ్ళీ కప్పులు కడిగేవాడు. ఆయన్ని చూసి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "పెళ్ళానికి ఎట్టా సేవ చేస్తన్నాడో చూడండి" అని తమ మొగుళ్ళను సాధించారు. ఆ పొగడ్త కూడా మా ఆయన తలొంచుకుని స్వీకరించాడు. నాకు ఒళ్ళు మండింది.

కుంటడం నేననుకున్నంత తేలిక కాదు. పొద్దున ఎడమ కాలు కుంటినదాన్ని సాయంత్రానికి మరిచిపోయి కుడి కాలు కుంటాను. అందరి కళ్ళూ కప్పగలిగాను గానీ ఎదురింటి పెద్దమ్మ దగ్గర కుదరలేదు.

"నిన్న ఎడం కాలు గదంటే?" అంది.

"దీనిక్కూడా వచ్చింది పెద్దమ్మా."

"అయ్యో నా తల్లి. రెండిటికీ పాకిందా" అని మర్నాటి నుంచి వావిలాకు రెండింతలు తెచ్చింది. ఆకును నీళ్ళలో ఉడకబెట్టి, గుడ్డలో మూటకట్టి, పొగలు కక్కుతుండగానే నా మోకాళ్ళ మీద పెట్టి అదిమేది. ఏ జబ్బూ లేని మోకాళ్ళకు అంత వైద్యం జరిగిన మనిషి పల్నాడులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అలా కాపడం పెడుతున్న ఒక మధ్యాహ్నం, వంటింట్లోంచి మా ఆయన దగ్గు వినిపించింది. ఉత్త దగ్గే. టీపొడి డబ్బా ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. నేను లేకపోతే ఈ మనిషికి ఏది ఎక్కడుందో తెలియదని నాకెప్పుడూ విసుగు. అప్పుడు మాత్రం తిరగేసి ఆలోచన వచ్చింది. ఆయన లేకపోతే ఈ ఇంట్లో డబ్బాలన్నీ పెట్టిన చోటే ఉంటాయి గదా అనిపించింది. ఆ ఒక్క తలపుకే ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"నొప్పిగా ఉందా తల్లా?" అంది పెద్దమ్మ.

"చానా నొప్పిగా ఉంది పెద్దమ్మా" అన్నాను.

పాపం ఆవిడ ఇంకా గట్టిగా అదిమింది. మనసారా ఏడ్వడానికి నాకొక సాకు దొరికింది కాబట్టి, ఆ మోకాళ్ళ అబద్ధానికి ఆ ఒక్కరోజు మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

రిపోర్టు పట్టుకుని ఇద్దరం డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన కాగితం చదివి, "కాన్సరు కాదు" అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఆగండి, కూర్చోండి. ఇంకా ఉంది" అన్నాడు డాక్టరు. తీసిన ముక్కల్లో చాలావరకు మామూలు పెరుగుదలే. రెండింటిలో మాత్రం కొన్ని కణాల తీరు మారింది. వాటిని ఇవాళ కాన్సరు అనడానికి లేదు. రేపు కాన్సరుగా మారవచ్చు, అసలు మారకనూ పోవచ్చు. అందుకని కనిపెట్టుకుని ఉండాలి.

మా ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "అంటే రాశిలో నాలుగు తాలు కాయలు కనపడ్డయ్. కుళ్ళు మాత్రం లేదు" అన్నాడు. మిరపకాయల్లో రంగు తప్పి తెల్లబోయిన కాయను మేం తాలు అంటాం.

"అలాగే అనుకోండి. కాకపోతే రాశిని అప్పుడప్పుడూ తిరగేసి చూసుకుంటూ ఉండాలి. ఆరు నెలలకు మళ్ళీ రండి" అన్నాడు డాక్టరు.

ఆ రోజు నరసరావుపేటలో హోటల్లో పూరీ తిన్నాం. ఆయన రెండు ప్లేట్లు తిని, గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగాడు. ఆయన నీళ్ళు తాగుతుంటే చూస్తూ కూర్చోవడం అంత బాగుంటుందని నాకు తెలియదు.

మందులు బాగానే పనిచేశాయి. రాత్రుళ్ళు ఇద్దరం నిద్రపోయాం. పంచాయితీల్లో ఆయన మళ్ళీ పాతలా కుర్చీకి అతుక్కుపోయాడు. ఊరు మాత్రం దీన్ని కూడా ఇంకో రకంగా అర్థం చేసుకుంది. "ఫోన్లు తగ్గినయ్. పైవాళ్ళు ఈయన్ని పక్కన పెట్టినట్టున్నారు" అన్నారు. అదే సమయంలో గోడవతలి అన్నయ్యకు ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇప్పుడు సలహాలన్నీ ఆయన్నే అడుగుతున్నారని చెప్పుకోవడం మా ఆయన చెవిన పడి, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆరు నెలలు అయ్యాయి. పదండి అన్నాను.

"ఎందుకే? కాదన్నాడు గదా."

"అప్పుడు కాదన్నాడు. తిరగేసి చూసుకోమన్నాడు."

"పత్తి తీతలున్నయ్. చూద్దాంలే."

పత్తి తీతలయ్యాయి. మిరపకు మందు కొట్టాలన్నాడు. కొట్టడం అయింది. మంచి రోజు చూడాలన్నాడు. మంచి రోజు చూసుకుని పోవడానికి అదేమన్నా గృహప్రవేశమా? నాకు అర్థమైంది. ఆయన ఆ తాలు కాయల ముందు పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కదలకుండా కూర్చుంటే ఎప్పటికో అవే విసుగొచ్చి ఇంటికి పోతాయని ఆశ. నాకు మాత్రం ఆ కణాలు లోపల ఏం చేస్తున్నాయోనని, వంట చేస్తున్నా నడుస్తున్నా అదే భయం.

భయం ముదిరితే నాకు కోపమొస్తుంది. ఒకరోజు బోరింగు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు పెద్దమ్మను పిలిచి, నా మోకాళ్ళు పూర్తిగా బాగయ్యాయని, ఇక జన్మలో డాక్టరు మొహం చూడనక్కర్లేదని గట్టిగా చెప్పాను. నమ్మకం కలగడానికి నిండు బిందె చంకనెత్తుకుని చకచకా నడిచి చూపించాను. ఆ కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది.

"ఇప్పుడు నేనేం చెప్పి పోవాలే?" అన్నాడు మా ఆయన.

"ఉన్నదే చెప్పి పొండి. నా కాళ్ళు ఇక మీకు దొరకవు."

మాట్లాడటం మానేశాడు. నేనూ మానేశాను. వారం పైనే ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా గేటు తీసుకుని గోడవతలి అన్నయ్య లోపలికొచ్చాడు. ఎన్నికల తర్వాత ఆయన మా వాకిలి తొక్కడం అదే. వసారాలో మా ఆయన కుర్చీలో బిగుసుకుపోయాడు. అన్నయ్య ఆయన్ని చూడకుండా నాకెదురుగా అరుగు అంచు మీద కూర్చుని, పత్తి ధర గురించి, కాలవకు నీళ్ళు వదలకపోవడం గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, నీ మోకాళ్ళు బాగయినయ్యంటగా. యాడ చూపించుకున్నావు?"

"నరసరావుపేటలోనే అన్నయ్యా."

"మీ వదినక్కూడా మోకాళ్ళ నొప్పులు. చానా ఇబ్బంది పడతంది. పాపం రాత్రుళ్ళు ఊరికే లెగవటమే సరిపోతంది."

నాకు వెంటనే వెలగలేదు. మా ఆయన మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు. ఇంతలో అన్నయ్య మొహంలో ఏదో కంగారు కనిపించింది. చెయ్యి జేబులోకి పోయింది. ఫోను చెవి దగ్గరికొచ్చింది. "హలో, ఆఁ చెప్పండి" అంటూ మా పశువుల కొట్టం వెనక్కి నడిచాడు. ఫోను మోగలేదు, దానికి వెలుగు కూడా లేదు.

అదే సమయానికి పెరటి గోడ అవతల వదిన కనిపించింది. నెత్తి మీద ఇంత లావు జొన్నచొప్ప మోపుతో చకచకా వచ్చి, దాన్ని గేదెల ముందు ధబ్బున పడేసి, చీర దులుపుకుని, రెండో మోపు కోసం అంతే వేగంగా వెళ్ళింది.

మా ఆయన నా వంక చూశాడు. ముందు పెదవులు బిగపట్టుకున్నాడు. తర్వాత భుజాలు ఊగాయి. కండువా నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వు తగ్గాక మెల్లగా, "బావక్కూడానా" అన్నాడు. ఆ గొంతులో గెలిచినట్టు లేదు. ఎన్నాళ్ళుగానో ఒంటరిగా నడుస్తున్నవాడికి దారిలో తోడు దొరికినట్టు ఉంది.

అన్నయ్య తిరిగొచ్చి కూర్చున్నాక నేను ఆలస్యం చేయలేదు. "ఎల్లుండి మేం పోతన్నాం అన్నయ్యా. వదినని తీసుకుని మీరూ రండి, కలిసి పోదాం" అన్నాను.

మా ఆయన నోరు తెరిచాడు. బావ చూస్తుండగా పోననడం ఎలా? తెరిచిన నోటితో, "డాక్టరు మంచోడు బావా" అన్నాడు. ఎన్నికల తర్వాత ఇద్దరి మధ్యా అదే మొదటి మాట.

అన్నయ్య కారులోనే వెళ్ళాం. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక మేమిద్దరం. దారిలో ఒకచోట అన్నయ్య టైర్లలో గాలి చూసొస్తానని దిగి తుమ్మచెట్ల అవతలికి వెళ్ళాడు. ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ టైర్లు చూడాల్సి వచ్చింది. మూడోసారి ఆపినప్పుడు మా ఆయన, "టైర్లకు చానా మంచి మాత్ర ఉంది బావా. డాక్టరు రాసిస్తాడులే" అన్నాడు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. వదిన కిటికీలోంచి పొలాలు చూస్తూ పెదవి కొరుక్కుంది.

ఆస్పత్రి నిండా జనం. వరసలో మా ముందూ వెనకా తెలిసిన మొహాలే. మా మండలం వాళ్ళు ముగ్గురు నలుగురు మా ఆయన్ని చూసి నమస్కారం పెట్టారు. ఇప్పుడు గనక ఆయన మళ్ళీ నా వంక చూస్తే నేనేం చేయాలి? కాదని పక్కకు జరగాలా, లేక మళ్ళీ నేనే అనాలా? అనేస్తానేమోనని నాకే నా మీద నమ్మకం లేకపోయింది.

కౌంటరు అమ్మాయి తల ఎత్తకుండానే, "పేషెంట్ ఎవరండీ?" అంది.

మా ఆయన నా వంక చూడలేదు. రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి, పంచాయితీలో తీర్పు చెప్పేటప్పటి గొంతుతో, "నేనే తల్లా. ప్రోస్టేట్" అన్నాడు. వరసంతా వినపడింది. ఎవరూ నవ్వలేదు. వెనక ఒక ముసలాయన మాత్రం ఇంకాస్త ముందుకు జరిగి, చెవి ఇటు పెట్టాడు.

ఆ రోజు రక్తపరీక్షలో అంకె పెరగలేదని సాయంత్రానికి తెలిసింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి ఆయనే నన్ను బయల్దేరదీస్తున్నాడు. కానీ నా భయం తీరింది సాయంత్రం కాదు, ఆ పొద్దున కౌంటరు దగ్గరే. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళి పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను.

తర్వాత వంతు అన్నయ్యది. "పేషెంట్ ఎవరండీ?" అంది ఆ అమ్మాయి. అన్నయ్య వెనక్కి తిరిగి వరస వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు, చివరికి వదిన వంక చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

వదిన ఒకడుగు ముందుకేసి, "నేనే" అంది.

నేను బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాను. "రా వదినా, కూకో. మొదటిసారి అట్టాగే ఉంటదిలే" అన్నాను.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. కౌంటరు దగ్గర జనం ఇటే చూస్తున్నారు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"ఏ కాలు కుంటమంటావు వదినా?"

"ఏదైనా పర్లేదు" అన్నాను. "మార్చబాకు."